చెక్కిన తర్వాత: జేడ్‌కు మెరుగు పెట్టడం
(ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. మీలో చాలామంది శిల్పం నేర్చుకుంటున్నవాళ్లు, కొందరు నగల పనిలో ఉన్నవాళ్లు అని నిర్వాహకులు చెప్పారు. అందుకని జేడ్ రాయి ఎలా ఎంచుకోవాలి, ఎలా కోయాలి, బొమ్మ ఎలా తీయాలి అన్న సంగతుల్లోకి నేను వెళ్లను. చెక్కడం అయిపోయింది, ఆకారం వచ్చేసింది, ముక్క మీ చేతిలో ఉంది. కానీ పాలిపోయి, గరుగ్గా, రంగు తెలియకుండా ఉంది. అక్కడి నుంచి మొదలుపెడదాం.

ఈ దశను చాలామంది చివర్లో చేసే చిల్లర పనిగా చూస్తారు. ఊళ్లో పెద్ద శిల్పుల దగ్గర కూడా ఇదే అలవాటు: చెక్కేది గురువు, రుద్దేది కుర్రాళ్లు. జేడ్ దగ్గర ఆ లెక్క కుదరదు. చెక్కడానికి పట్టినంత సమయం మెరుగు పెట్టడానికీ పడుతుంది, చాలాసార్లు అంతకంటే ఎక్కువే. ఆ సమయమంతా మీరు రాయిని అరగదీస్తూనే ఉంటారు. అంటే చెక్కడం ఇంకా అయిపోలేదన్నమాట. ఒక అంచు పదునుగా నిలుస్తుందా, మొద్దుబారిపోతుందా. ఒక వంపు నిండుగా కనిపిస్తుందా, సొట్టపడినట్టు కనిపిస్తుందా. ఇవన్నీ తేలేది ఇక్కడే. ఈ గంటసేపూ నేను చెప్పబోయేది ఈ ఒక్క మాటే. మిగతావన్నీ దాని వివరాలు.

ముందు రాయి సంగతి. జేడ్ అన్న పేరుతో బజారులో రెండు వేర్వేరు ఖనిజాలు నడుస్తున్నాయి: జేడైట్, నెఫ్రైట్. 1863లో ఫ్రెంచి శాస్త్రవేత్త అలెక్సీ డామూర్ బర్మా రాయిని పరీక్షించి, ఇది వేరే ఖనిజమని తేల్చి దానికి జేడైట్ అని పేరు పెట్టాడు. అప్పటిదాకా వాడుకలో ఉన్న పాత జేడ్ చాలావరకు నెఫ్రైట్. మధ్య ఆసియాలో ఖోతాన్ నదుల్లో దొరికే తెల్లరాయి, న్యూజిలాండ్ దక్షిణ దీవిలో మావోరీలు పౌనము అని పిలుచుకునే ఆకుపచ్చ రాయి, కెనడాలోని బ్రిటిష్ కొలంబియా రాయి, ఇవన్నీ నెఫ్రైటే. మొగలులు గిన్నెలు, కత్తిపిడులు చేయించుకున్నదీ నెఫ్రైట్‌తోనే. నేను ఇవాళ ప్రధానంగా దాని గురించే మాట్లాడతాను.

నెఫ్రైట్ కాఠిన్యం మోస్ కొలతలో 6 నుంచి 6.5. ఇసుకలో ఉండే క్వార్ట్‌జ్ 7. మామూలు చాకు దీన్ని గీయలేదు, ఇసుక మాత్రం అరగదీస్తుంది. చైనాలో లియాంగ్‌జూ సంస్కృతి కాలంలో, అంటే క్రీస్తుపూర్వం 3300 నుంచి 2300 మధ్య, లోహపు ఉలి లేకుండానే జేడ్ మీద వెంట్రుకంత సన్నని గీతలు తీసి అద్దంలా మెరుగు పెట్టారంటే ఆధారం ఇదే: ఇసుక, నీళ్లు, ఓపిక. మావోరీ శిల్పులు కూడా హోఆంగా అనే ఇసుకరాతి సానల మీద నీళ్లు పోసుకుంటూ రుద్దే ఆయుధాలూ ఆభరణాలూ చేశారు. చరిత్రలో జేడ్‌ను సాధారణంగా ఉలితో కొట్టి పొరలుగా లేపి చెక్కలేదు. అరగదీశారు. అందుకే దీనిలో చెక్కుడుకూ మెరుగుకూ మధ్య గోడ లేదు.

గీత పడకుండా తట్టుకునే గుణం వేరు, పగలకుండా తట్టుకునే గుణం వేరు. మొదటిదానిలో నెఫ్రైట్ అంత గొప్పదేమీ కాదు. రెండోదానిలో మాత్రం సహజంగా దొరికే రాళ్లలో దీనికి సాటి వచ్చేవి చాలా అరుదు. కారణం లోపలి అల్లిక. సూక్ష్మమైన పీచులు అన్ని దిక్కులకూ పరుచుకుని, తడిసి నలిగి చిక్కుపడిపోయిన గొంగడి ఊలులాగా ఒకదానిలో ఒకటి ఇరుక్కుని ఉంటాయి. పగులు ఒకచోట మొదలైనా ముందుకు సాగడానికి దారి దొరకదు. శిల్పికి ఇది వరం. అయితే ఈ వరమే మెరుగు పెట్టేటప్పుడు తలనొప్పిగా మారుతుంది.

ఎలాగంటే, పీచు పడుకుని ఉన్నచోట ఉపరితలం చక్కగా నునుపు దేలుతుంది. పీచు కొన పైకి లేచి ఉన్నచోట మీరు గట్టిగా రుద్దితే ఆ కొన తెగిపోకుండా ఊడిపోతుంది. ఊడినచోట చిన్న గుంట. అలాంటి గుంటలు వేలకొద్దీ పడితే ముక్క మెరుస్తూనే ఉంటుంది గానీ, ఆ మెరుపు అలలు అలలుగా, బొడిపెలు బొడిపెలుగా కనిపిస్తుంది. దీన్ని అన్ని దేశాల్లోనూ ఆరెంజ్ పీల్ అంటారు. జేడ్ మీద పనిచేసేవాళ్లకు ఇంతకంటే పెద్ద టెన్షన్ ఇంకొకటి లేదు. జేడైట్‌లో పీచు కాదు, పలుకులు ఉంటాయి. ఒక్కో పలుకు ఒక్కో దిక్కుకు తిరిగి ఉండి ఒక్కోలా అరుగుతుంది. ఫలితం ఒకటే.

ఇప్పుడు మెరుపు అంటే ఏమిటో ఒకసారి తేల్చుకుందాం. మనం రాయి మీద ఏదో పూస్తే మెరుపు రాదు. వెలుగు రాయి మీద పడి, చెల్లాచెదురు కాకుండా ఒకే దిక్కుకు తిరిగి వెళితే అది మెరుపు. గీతలుంటే చెదిరిపోతుంది. మన కంటికి కనిపించే కాంతి తరంగం పొడవు 0.4 నుంచి 0.7 మైక్రాన్లు. మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు. 220 నంబరు వాటర్ పేపర్, అంటే తడిగా రుద్దే గరుకు కాగితం, దాని మీది రేణువు సుమారు 68 మైక్రాన్లు, దాదాపు వెంట్రుక మందం. 400లో 35, 1200లో 15. అంటే 1200 దాకా వెళ్లినా మనం వేస్తున్న గీతలు కాంతి కొలతతో చూస్తే పెద్ద కాలువలే. చివరికి ఒక మైక్రాన్, అర మైక్రాన్ పొడి దాకా ఎందుకు వెళ్లాలో దీన్నిబట్టి అర్థమవుతుంది.

ఇంకో సంగతి. పూర్తిగా మెరుగు పెట్టిన నెఫ్రైట్ కూడా తన మీద నిటారుగా పడిన కాంతిలో 5 శాతం పైచిలుకు మాత్రమే పైకి తిప్పి పంపుతుంది. వజ్రం 17 శాతం. మిగిలిన కాంతి రాయి లోపలికి వెళ్లి, పీచుల మధ్య తిరిగి, మెత్తబడి బయటికి వస్తుంది. మీరు నెయ్యి రాసినట్టుగా చూసే ఆ నిగారింపు ఇదే. కాబట్టి నెఫ్రైట్‌ను గాజులా తళతళలాడించాలని పట్టుబట్టకండి. అది దాని స్వభావం కాదు, అక్కర్లేదు కూడా.

సరే, పని దగ్గరికి వద్దాం. డైమండ్ బర్ర్‌తో, అంటే వజ్రపు పొడి అద్దిన తిరిగే మొనతో చెక్కిన ముక్క మీద లోతైన గాట్లు ఉంటాయి. వాటర్ పేపర్ 220తో మొదలుపెట్టి 320, 400, 600, 800, 1200, 2000, 3000 దాకా వెళ్లడం మామూలు పద్ధతి. ఎప్పుడూ తడిగానే. నా అభిప్రాయం అడిగితే ఈ మొత్తం వరుసలో పని గెలిచేదీ ఓడేదీ 400 లోపే. 3000 దగ్గర కనిపించే గీత 3000లో పడింది కాదు, 220లో పోవలసింది పోకుండా మిగిలింది. పై నంబర్లు దాన్ని తీసేయలేవు, దాని చుట్టూ మెరుగు పెట్టి ఇంకా బాగా కనిపించేలా చేస్తాయి. కొత్తవాళ్లు మొదటి రెండు పేపర్లనూ పది నిమిషాల్లో దాటేసి, చివరి మెరుగు పేస్ట్‌తో గంటలకొద్దీ కుస్తీ పడతారు. తారుమారు చేయండి. సమయమంతా మొదట్లో పెట్టండి.

పోయాయో లేదో ఎలా తెలుస్తుంది? తడిమీద చూస్తే తెలియదు. నీటి పొర గీతల్ని నింపేసి, ముక్క అప్పుడే మెరుగు పెట్టినట్టు కనిపిస్తుంది. తుడిచి, పూర్తిగా ఆరనిచ్చి, టేబుల్ లైటు పక్కవాటంగా పడేలా పట్టుకుని, మెల్లగా తిప్పుతూ చూడాలి. ఇంకో ఉపాయం, మామూలు మార్కర్ పెన్నుతో ఉపరితలమంతా రంగు పూసి తర్వాతి నంబరుతో రుద్దండి. లోతు గీతలో రంగు మిగిలిపోతుంది, దొంగ అక్కడే దొరికిపోతాడు. నంబరు మారినప్పుడల్లా రుద్దే దిక్కు మార్చండి. మొన్నటి గీతలు నిలువు, ఇవాళ్టివి అడ్డం అయితే, నిలువుగా ఏది కనిపించినా అది పాతదని వెంటనే తెలుస్తుంది.

నంబరు మారిన ప్రతిసారీ ముక్కనూ, చేతుల్నీ, గోళ్ల సందుల్నీ, బల్లనూ కడగండి. నీళ్లు మార్చండి. 220 రేణువు ఒక్కటి 1200 పేపర్ కిందికి వస్తే ఒక పూట పని పోతుంది.

అరిగిపోయిన పేపర్ పారేయకండి. ముఖ్యంగా 600, 800 నంబర్లవి. కొత్త పేపర్ పదునుగా పీచును పీకుతుంది, అరిగిన పేపర్ నిమురుతుంది. ఆరెంజ్ పీల్ వచ్చే రాయి మీద అరిగిన పేపర్, తేలిక చెయ్యి, ఎక్కువ నీళ్లు, ఈ మూడూ చేసే మేలు ఖరీదైన ఏ పేస్టూ చేయదు.

ఇదిగో, ఈ ముక్క అందరూ చూడండి, చేతులు మార్చుకోండి. ఆకు ఆకారంలో ఉన్న పతకం, ఐదు సెంటీమీటర్ల పొడవు. మధ్యన ఒక ఈనె, రెండు పక్కలకూ చిన్న ఈనెలు. ఆకు వీపు భాగం మెరుగు పెట్టడం పెద్ద కష్టం కాదు. మధ్య ఈనె లోతు చూడండి. మిల్లీమీటరు వెడల్పు ఉండే కాలువ అది. పేపర్ లోపలికి వెళ్లదు. వేలు అసలే వెళ్లదు. చాలామంది ఇక్కడ పేపర్‌ను మడిచి బలవంతంగా దూరుస్తారు. అప్పుడు కాలువ అడుగు అలాగే ఉండి, రెండు పై అంచులూ గుండ్రంగా అరిగిపోతాయి. ఈనె గీసినట్టుగా కాకుండా కరిగిపోయినట్టుగా కనిపిస్తుంది. చెక్కినప్పుడు పడిన శ్రమంతా వృథా.

దీనికి నేను వాడేది వెదురు పుల్ల. బాగా ఎండిన వెదురు, బయటి చర్మం వైపు చీలిక. కొనను చాకుతో కాలువ అడుగు వంపుకు సరిపోయేలా, ఉలి మూతిలా చెక్కుతాను. వజ్రపు పొడి కలిపిన డైమండ్ పేస్ట్ కొంచెం, ఆవగింజంత, దానిమీద ఒక చుక్క నూనె. ముందు ముతక పేస్ట్‌తో కాలువ పొడవునా ముందుకూ వెనక్కూ లాగాలి. పుల్ల అడుగున ఆనాలి, గోడల్ని మాత్రం ఒత్తకూడదు. పేస్ట్ నల్లబడితే పని జరుగుతోందన్నమాట, తుడిచేసి మళ్లీ కొత్తది. వెదురు కొన కాసేపటికే అరిగి ఆకారం పోతుంది. అప్పుడు మళ్లీ చెక్కాలి. ముతకది అయ్యాక ఆ పుల్లను పక్కన పెట్టేసి కొత్త పుల్లతో 6 మైక్రాన్లు, ఇంకో కొత్త పుల్లతో 3, ఇంకోదానితో 1. పుల్లలు కలిసిపోకుండా ప్రతిదాని మీదా నంబరు రాసి, వేర్వేరు డబ్బాల్లో పెట్టుకోండి. వెదురు గట్టిగా ఉంటుంది కాబట్టి అంచుల్ని మింగదు, అదే సమయంలో రేణువుల్ని తనలో పట్టి ఉంచుకుంటుంది. బట్ట చక్రం, మెత్తటి ఫెల్ట్ (అదిమిన ఉన్ని) ఇక్కడ పెట్టారంటే అంచులు పోతాయి, పీచు కొనలున్నచోట ఇంకా లోతుగా తవ్వుతాయి.

చిల్లుల లోపలికి దారం. నూలు దారానికి పేస్ట్ పట్టించి, రంధ్రంలోంచి దూర్చి, రెండు వైపులా బిగబట్టి లాగడమే. పతకం తాడు వేలాడేచోట లోపలి అంచు గరుగ్గా ఉంటే కొన్నాళ్లకు తాడు తెగుతుంది. అందుకే ఈ పని ఎవరికీ కనిపించదని వదిలేయకూడదు.

ఇది కొత్త విద్యేమీ కాదు. 1891లో పెకింగ్‌లో లీ చెంగ్‌యువాన్ అనే చిత్రకారుడు జేడ్ పని దశలన్నిటినీ వరుసగా బొమ్మలు గీశాడు. కాలితో తొక్కుతుంటే ముందుకూ వెనక్కూ తిరిగే ఇరుసు, దాని చివర చక్రం, చక్రం మీదికి తడి ఇసుక. ఆ వరుస ముగిసేది మెరుగు చక్రాలతోనే: ఒకటి చెక్కది, ఒకటి తోలుది. చెక్క ముందు, తోలు తర్వాత. గట్టిదానితో రూపం నిలబెట్టి, మెత్తదానితో నిగారింపు తెచ్చుకోవడం. ఇవాళ మన దగ్గర విద్యుత్ మోటారు, డైమండ్ పేస్ట్ ఉన్నాయి గానీ వరుస మాత్రం మారలేదు.

తోలు దశ గురించి కొంచెం చెప్పాలి. తోలును చెక్క మీద బిగించి అతికించండి, వదులుగా ఉండకూడదు. నెఫ్రైట్‌కు బాగా పనిచేసే పొడి క్రోమియం ఆక్సైడ్, అంటే ఆకుపచ్చ పొడి. నీళ్లలో కలిపి తోలుకు పట్టించి, చక్రాన్ని నెమ్మదిగా తిప్పుతూ ముక్కను గట్టిగా ఆనించాలి. తడిగా ఉన్నంతసేపు పెద్దగా ఏమీ జరగదు. తోలు ఆరుతూ ముక్కను చేతిలోంచి లాగుతున్నట్టు అనిపించే క్షణం ఒకటి వస్తుంది. మెరుపు దిగేది అప్పుడే. వేడి పుడుతుంది. వేళ్లు తట్టుకోలేనంత వేడి రానివ్వకండి. మరీ కాలితే నెఫ్రైట్ తెల్లబారుతుంది, అది ఇక పోదు. ఇంకో హెచ్చరిక: తెల్ల జేడ్ మీద ఆకుపచ్చ పొడి వాడొద్దు. సన్నని గుంటల్లో, పగుళ్లలో ఇరుక్కుంటే బయటికి రాదు. తెల్లరాయికి అల్యూమినియం ఆక్సైడో, టిన్ ఆక్సైడో వాడండి. అద్దాలకూ అగేట్ రాళ్లకూ వాడే సీరియం ఆక్సైడ్ మీలో కొందరి దగ్గర ఉంటుంది. జేడ్ మీద దానితో అంత ఫలితం రాదు, దాని కోసం సమయం పోగొట్టుకోవద్దు.

మెరుగు బాగా కుదిరిందా లేదా అన్నది కొలవడానికి పరికరం అక్కర్లేదు. ట్యూబ్‌లైటు కింద నిలబడి దాని ప్రతిబింబాన్ని ముక్క మీద చూడండి. ముక్కను తిప్పుతుంటే ఆ తెల్ల గీత వంపు వెంట సాఫీగా పారాలి. మధ్యలో వణికితే, విరిగితే, అక్కడ ఉపరితలం సమంగా లేదు. హైదరాబాద్‌లో ఉన్నవాళ్లకు దీన్ని సాధన చేసుకోవడానికి మంచి చోటు ఉంది. సాలార్‌జంగ్ మ్యూజియంలో జేడ్ గది. జహంగీర్ కత్తి, నూర్జహాన్ బాకు, షాజహాన్ బిరుదు చెక్కిన విలుకాడి ఉంగరం అక్కడే ఉన్నాయి. అందరూ రాళ్లు పొదిగిన బంగారం పని చూసి ముందుకు సాగిపోతారు. మీరు కాసేపు వంగి నిలబడి, దీపం వెలుగు ఆ వంపుల మీద ఎలా నడుస్తోందో చూడండి. కరెంటు మోటారు లేని రోజుల్లో చేసిన పని అది.

లండన్‌లోని విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియంలో షాజహాన్ మధుపాత్ర ఉంది, 1657 నాటిది, తెల్ల నెఫ్రైట్. సొరకాయ చీలికలా వంపు తిరిగి, చివర మేక తల, అడుగున తామర రేకులు. గోడలు వెలుగు లోపలికి వచ్చేంత పల్చన. నా దృష్టిలో జేడ్ మెరుగుకు దాన్ని మించిన పాఠం లేదు. పాత్ర వంపు ఎక్కడా ఆగకుండా మేక మెడలోకి వెళ్లిపోతుంది, అయినా తామర రేకుల అంచులు తేటగా నిలిచి ఉన్నాయి. నునుపూ పదునూ ఒకే రాతి మీద. రెండూ దక్కించుకోవడమే ఈ విద్య. చైనాలో కియాన్‌లాంగ్ చక్రవర్తి హిందుస్థాన్ జేడ్ అంటే పడిచచ్చి దానిమీద కవితలు రాసుకున్నాడంటే ఆశ్చర్యం లేదు.

అన్నీ అద్దంలా మెరవాలని కూడా లేదు. 800 దగ్గరో 1200 దగ్గరో ఆపేస్తే పట్టులాంటి మందమైన నిగారింపు వస్తుంది. సన్నని చెక్కుడు ఎక్కువ ఉన్న ముక్కకు ఆ తరహా ముగింపే నాకు బాగుంటుంది. మెరుపు ఎక్కువైతే ప్రతిబింబాలు గీతల్ని కప్పేస్తాయి. కానీ ఆపినచోట పూర్తిగా ఆపాలి. 800 దగ్గర ఆపిన ముక్క మీద 220 గీతలు కనిపిస్తే దాన్ని మ్యాట్ ఫినిష్ అనరు, సగం పని అంటారు.

చివర్లో మైనం. ముక్కను గోరువెచ్చగా చేసి, తేనెమైనం పల్చగా రుద్ది, మెత్తటి బట్టతో తుడిచేస్తారు. ఇది తప్పు కాదు, దాచవలసిందీ కాదు. జేడైట్ వ్యాపారంలో కూడా మైనం మాత్రమే పెట్టిన రాయిని 'ఏ' (A) రకం, అంటే సహజమైనదిగానే లెక్కిస్తారు. ఆసిడ్‌లో నానబెట్టి లోపల ప్లాస్టిక్ జిగురు నింపితే 'బీ' (B) రకం, రంగు వేస్తే 'సీ' (C) రకం. తేడా పెద్దది, కొనేటప్పుడు అడగండి. మైనం మంచి మెరుగుకు కాపలా మాత్రమే. గీతల్ని దాచడానికి మైనం పూస్తే నాలుగు నెలల్లో చెమటకూ సబ్బుకూ అది పోయి మీ పని బయటపడుతుంది.

దుమ్ము గురించి చెప్పకుండా వదలను. నెఫ్రైట్ ట్రెమొలైట్, యాక్టినొలైట్ జాతి ఖనిజం, పీచు అల్లిక. పొడిగా రుద్దితే లేచే సన్నని దుమ్ము ఊపిరితిత్తుల్లోకి వెళ్లకూడదు. గుజరాత్‌లోని ఖంభాత్‌లో అగేట్ పనివాళ్లు రాతి దుమ్ము పీల్చి సిలికోసిస్ అనే ఊపిరితిత్తుల జబ్బుతో తరాల తరబడి బాధపడుతున్నారు. అది అగేట్, ఇది జేడ్, రాయి వేరే కావచ్చు, జాగ్రత్త ఒకటే. ఎప్పుడూ నీళ్లతో పనిచేయండి. మంచి మాస్క్ పెట్టుకోండి, మామూలు బట్ట మాస్క్ చాలదు. బురద ఆరిపోయాక చీపురుతో ఊడ్చకండి, తడిబట్టతో తుడవండి. ఇంట్లో పిల్లలుంటే వంటగది పక్కన ఈ పని పెట్టుకోవద్దు.

ప్రశ్నలు అడగండి.

(ఒక విద్యార్థిని: మేడమ్, ముక్కల్ని డ్రమ్ములో వేసి తిప్పితే ఇంత కష్టం లేకుండా మెరుగు వస్తుందంటారు కదా?)

వస్తుందమ్మా. బజారులో చవగ్గా దొరికే జేడ్ పతకాల్లో చాలావాటికి అలాగే చేస్తారు. పూసలకూ, సాదా గుండ్రాళ్లకూ నిరభ్యంతరంగా వాడుకో. కానీ డ్రమ్ముకు ఈనె ఏదో, అంచు ఏదో తెలియదు. పైకి వచ్చిన ప్రతిదాన్నీ ఒకేలా గుండ్రం చేస్తుంది, లోతును వదిలేస్తుంది. చేత్తో చెక్కిన ముక్కను అందులో వేస్తే, నువ్వు చెక్కినదాన్ని వేరే ఎవరో సగం చెరిపేసినట్టే.

(మరొకరు: అంతా అయిపోయాక, ఆఖర్లో ఒక గీత కనిపిస్తే?)

ఏ నంబరు గీతో చూడండి. లోతుగా, ఒంటరిగా ఉంటే మధ్యలో దుమ్ము రేణువు పడి ఉంటుంది. గుంపుగా, ఒకే దిక్కులో ఉంటే ఆ దిక్కులో రుద్దిన నంబరులోనే పొరపాటు. వెళ్లవలసింది ఆ నంబరుకే. ఆ ఒక్కచోటే రుద్దితే సొట్ట పడుతుంది, కాబట్టి ఆ భాగం మొత్తాన్నీ, అంచు నుంచి అంచు దాకా, ఆ నంబరు నుంచి మళ్లీ తీసుకురావాలి. విసుగ్గానే ఉంటుంది. అయినా వేరే దారి లేదు. ఇక్కడ బల్లమీద 400 దగ్గర ఆపిన ముక్కలు, 1200 దగ్గర ఆపినవి, తోలు మీద పూర్తి చేసినవి పక్కపక్కన పెట్టాను. లైటు, మార్కర్, భూతద్దం కూడా ఉన్నాయి. నలుగురు నలుగురుగా రండి. ముందు 400 ముక్క తీసుకుని, అందులో పాత గీతలు ఎన్ని మిగిలాయో వెతకండి.